పొట్లచెరువు ఎక్కడున్నది?



తెలుగులో నాలుగు మాటలు వ్రాసి లోకంమీద పెట్టిన ప్రతివారినీ రెండు చింతలు పీడిస్తూ ఉంటాయి. వ్రాసినది కావలసినవారికి దొరుకుతుందా అన్నది మొదటిది. దొరికినా, తలుపు తీసి తొంగిచూసి వెళ్లిపోతారా, కూర్చుని చదువుతారా అన్నది రెండవది. అంతర్జాలం వచ్చిన తరువాత పుట్టిన చింతలని వీటిని చాలామంది అనుకుంటారు. కాదు. మా వెలిమెల చుట్టుపట్ల ఈ చింతల వయస్సు నాలుగువందల యాభై ఏండ్లకు తక్కువ ఉండదు. ఆ కథే ఈ వ్యాసం.

ముందుగా మా ప్రాంతం పేర్ల సంగతి చెప్పాలి. వెలిమెలకు దాపున ఉన్న పెద్ద ఊరు పటాన్‌చెరు. కారఖానాల ఊరుగా, బొంబాయి రహదారిమీది ఊరుగా అందరూ ఎరిగినదే. ఈ పేరును పఠానులతో ముడిపెట్టి వ్యాఖ్యానించేవారు నేటికీ కనబడతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కళ్యాణి చాళుక్య రాజు రెండవ జయసింహుని కాలంలో, అనగా క్రీ.శ. 1015 నుండి 1042 ప్రాంతంవరకు సాగిన పాలనలో, శాసనాలు పొట్టళకెఱె అనే రాజధానీ నగరాన్ని పేర్కొంటున్నాయి. ఆ పొట్టళకెఱె నేటి పటాన్‌చెరేనని చరిత్రకారులు గుర్తించారు. కన్నడంలో కెఱె అన్నా తెలుగులో చెఱువు అన్నా ఒకటే గదా! పొట్టళకెఱె తెలుగువారి నోట పొట్లచెఱువయింది. బండిర మారి పొట్లచెరువు, కాలక్రమాన పటంచెరువు, పటాన్‌చెరువు, పటాన్‌చెరు. వేయేండ్లలో ఊరు కదలలేదు, పేరు మాత్రం నడుస్తూనే ఉంది.

ఇప్పుడొక విద్యార్థి పొట్టళకెఱె జైనుల గురించి వెదుకుతున్నాడనుకోండి. మరొకడు పటాన్‌చెరు చరిత్ర వెదుకుతున్నాడు. ఇంకొకడు పొట్లచెరువు ప్రభువును గురించి కావ్యంలో చదివి, ఆ ఊరెక్కడో తెలియక వెదుకుతున్నాడు. ముగ్గురూ ఒకే మట్టిమీద నిలబడి ఉన్నారు. ఒకరికొకరు కనబడరు. వెదకడంలోని చిక్కంతా ఇక్కడే ఉన్నది. వ్రాసినవాడు ఏ మాటతో వ్రాశాడన్నది ఒక సంగతి, వెదికేవాడు ఏ మాటతో అడుగుతాడన్నది ఇంకొక సంగతి. రెండూ కలిసినప్పుడే దొరకడం.

మా వెలిమెల చిన్న ఊరు గనుక దాని చిక్కు కూడా చిన్నదే. వెలిమెల అని కొందరు, వెలిమల అని కొందరు వ్రాస్తారు. ఊరు మెదకు జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడగా అందులోకి వచ్చింది. 2018లో తెల్లాపూర్ పురపాలక సంఘంలో చేరింది. కాబట్టి పాత పుస్తకంలో మా ఊరి ముచ్చట వెదికేవారు కొత్త జిల్లా పేరుతో వెదికితే ఏమీ దొరకదు.

సరే, పొట్లచెరువు కావ్యానికి వద్దాం. గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన కాలం, 1550 నుండి 1580. తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నది ఈయననే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చినదీ ఈయనకే. ఆయన కొలువులోని అధికారి అమీనుఖాను, పొట్లచెరువు ప్రభువు. పొన్నికంటి తెలగన్న అనే కవి యయాతిచరిత్రమనే కావ్యం వ్రాసి ఈ అమీనుఖానుకు అంకితమిచ్చాడు. కథ భారతంలోనిదే. యయాతి, దేవయాని, శర్మిష్ఠ, తండ్రి ముసలితనాన్ని తాను పుచ్చుకొన్న పూరువు. కొత్తదనం కథలో లేదు, భాషలో ఉంది. తత్సమం మచ్చుకు కూడా లేకుండా కావ్యమంతా అచ్చతెలుగులో నడపడమన్నది తెలుగులో ఇదే మొదలు.

ఆలోచించిన కొద్దీ ఇందులో విశేషం కనబడుతుంది. ఒక ముస్లిము ప్రభువు, నియోగి కవి, భారతకథ, సంస్కృతం లేని తెలుగు. రాజధానికి దూరంగా ఒక చెరువుగట్టు ఊరిలో ఇటువంటి ప్రయోగం జరిగింది. పాఠశాలలో నలభై ఏండ్లకు దగ్గరగా తెలుగు చెప్పినవాణ్ణి గనుక అనుభవంతో చెబుతున్నాను: ఈ సంగతి చెప్పగానే తరగతిలో వెనుక వరుస పిల్లలు కూడా తల ఎత్తేవారు. తమ ఊరి పక్క ఊరు సాహిత్యచరిత్ర పుస్తకంలో ఉన్నదన్న మాట అటువంటిది.

అయితే ఇంతటి కావ్యాన్ని చదివినవారు ఎందరు? పరీక్షలకు చదివినవారందరికీ పేరు తెలుసు. మొదటి అచ్చతెలుగు కావ్యమేది అన్న ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా తెలగన్న బ్రతికి ఉన్నాడు. పద్యాలుగా ఎంత బ్రతికి ఉన్నాడన్నది అనుమానమే. దీనికి కారణం కూడా ఆయన ప్రతిజ్ఞలోనే ఉన్నదని నా అభిప్రాయం. అచ్చతెలుగు అనగానే అందరికీ తెలిసిన తెలుగు అనుకుంటాం. అలా కాదు. జనం నాలుకమీద సూర్యుడు, చంద్రుడు ఎప్పుడో స్థిరపడ్డారు. వారిని పక్కకు నెట్టి వేవెలుగు, చలివెలుగు అనాలి. అచ్చతెలుగు కావ్యాలలో మనుషుల పేర్లకు కూడా తెలుగు తొడుగులు వేయడం ఆచారమయింది. తరువాత పదునెనిమిదవ శతాబ్దంలో కూచిమంచి తిమ్మకవి అచ్చతెనుగు రామాయణం వ్రాసినప్పుడు ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. ఇదంతా గొప్ప పాండిత్యమే, నేను తక్కువ చేయడం లేదు. కానీ దశరథుని కోసం వెదికే పాఠకుడు దశరథుడనే వెదుకుతాడు, ఆయన తెలుగు తొడుగుతో వెదకడు. తేటగా ఉండాలని ఎంచుకొన్న భాషే నిఘంటువు చేతబట్టి చదవవలసిన భాష అయింది.

పూర్వులు ఈ దొరకడమనే విషయాన్ని పట్టించుకోలేదనుకోవద్దు. వారికి తాటాకు తప్ప వేరు సాధనం లేదు. ప్రతి చేరినప్పుడల్లా మొదటి ఆకో చివరి ఆకో చెదలు తినేవి. అందుకని ప్రతి ఆశ్వాసం చివరా గద్య పెట్టేవారు. కవి పేరు, తండ్రి పేరు, పొందిన వరమో బిరుదమో, కావ్యం పేరు, ఎన్నవ ఆశ్వాసమో, అన్నీ అందులో ఉంటాయి. గ్రంథం ముక్కలయినా ఏ ముక్క ఎవరిదో చెప్పవచ్చు. అవతారికలో కృతిపతి వంశమూ ఊరూ చెప్పడం పొగడ్త కోసమే అనుకుంటాం గానీ, చరిత్ర వెదికేవారికి అది విలాసం కూడా. పొట్లచెరువు, అమీనుఖాను మనకు దక్కినది అవతారికవల్లనే. అచ్చుయంత్రం వచ్చాక పద్యానుక్రమణిక అనే మరొక మేలు చేకూరింది. పద్యం మొదటి మాట గుర్తుంటే చాలు, అకారాది వరుసలో చూసి పుట తీయవచ్చు. మాలో కొందరు పండితులకు ఆ అనుక్రమణికే సగం పాండిత్యం!

ఇక చదువరిని పట్టి నిలిపే విద్యలో శతకకర్తలను మించినవారు లేరు. మకుటం ఎంత తెలివైన కల్పనో చూడండి. నూరు పద్యాలలో ఏ ఒక్కటి విడిపోయి ఏ ఊరు చేరినా తన ఇంటిపేరు తానే చెప్పుకుంటుంది. మకుటం వచ్చేసరికి వినేవాడు గొంతు కలుపుతాడు, అంటే శ్రోత పద్యంలో భాగస్వామి అయిపోయాడన్నమాట. శేషప్పకవి నరసింహ శతకం మకుటంలో ధర్మపురి పేరును కూర్చాడు. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరిని చూడని పిల్లలు కూడా తెలుగునేల నలుమూలలా దాని పేరు వల్లించారు. పొట్లచెరువుకు ఆ అదృష్టం పట్టలేదు. ప్రబంధానికి మకుటం ఉండదు గదా.

అయితే మకుటానికి ఒక చీడ కూడా ఉంది. వేమన పద్యాలే అందుకు సాక్ష్యం. బ్రౌనుదొర 1829లో అచ్చు వేయించినప్పుడు అందులో ఉన్నవి 693 పద్యాలు. పదేండ్ల తరువాతి కూర్పులో సంఖ్య వేయి దాటింది. ఆ తరువాత ఎవరెవరో చేర్చినవి కలిసి వేలకు వేలు అయ్యాయి. వేమన మకుటం తగిలిస్తే జనం వింటారని తెలిసినవారు తమ పద్యాలకు, తమ కుల ద్వేషాలకు, తమ వైద్యపు చిట్కాలకు కూడా ఆ మకుటం తగిలించారు. లోపల సరుకు లేకుండా పైన ఆకర్షణీయమైన మాటలు గుదిగుచ్చి వెదుకుయంత్రాలను మోసగించేవారిని నేడు చూస్తున్నాము. వారికి వేమన పేరు వాడుకొన్న ఈ అజ్ఞాత మహానుభావులే మూలపురుషులు.

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క కవి కథ. ఒక ప్రాంతం మొత్తం కనబడకుండా పోయిన కథ ఇప్పుడు చెప్పాలి. నా వ్యాసానికి ఇదే ఆయువుపట్టు.

నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడేది, పొలంలో పాడేది. కచేరీలో, పెద్ద చదువులో దానికి కుర్చీ లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయం వెలిసింది. ఆ పని పూనుకొన్నవారిలో రావిచెట్టు రంగారావుగారు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ముఖ్యులు. వారి విజ్ఞానచంద్రికా మండలి 1906లో పుట్టింది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానంనుండే ఆంధ్రజనసంఘం పుట్టింది. 1922లో నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుండి తెనుగు పత్రిక వచ్చాయి. లక్ష్మణరావుగారు 1923లో పోయాక ఆయన పేర వెలసిన పరిశోధకమండలి ఊరూరా శాసనాలు వెదికించింది. 1935లో వెలువడిన తెలంగాణా శాసనములు ఆ శ్రమఫలమే.

లక్ష్మణరావుగారి పేరు వచ్చింది గనుక ఒక్క మాట. తెలుగువాడు ఏ విషయం కావాలన్నా అకారాది వరుసలో చూసి తెలుసుకోవాలని ఆయన ఆంధ్రవిజ్ఞానసర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. మూడూ కలిసి అకారాన్ని దాటలేదు! ఆయన ఆయుష్షు మొదటి అక్షరంలోనే ముగిసింది. ఆ సంపుటాలు చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. తెలుగులో వెదకదగిన జ్ఞానాన్ని ఒకచోట కూర్చాలన్న కోరిక ఎంత పెద్దదో ఆ ఆగిపోయిన అక్షరమే చెబుతుంది.

1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక ప్రారంభించారు. వారానికి రెండుమార్లు వచ్చేది. పలు మారుపేర్లతో పత్రిక నిండా తామే వ్రాసిన రోజులు ప్రతాపరెడ్డిగారికి ఉన్నాయి. చదివేవారే అరుదైన రాజ్యంలో చదువరులను తయారుచేసుకుంటూ పత్రిక నడపడమంటే విత్తనమూ తానే, నాగలీ తానే, వానా తానే కావడం. మా తాతగారి తరంలో ఊరికి ఒక్క ప్రతి వస్తే ఒకరు పైకి చదువుతుండగా పదిమంది వినేవారు. లెక్కకు ఒక చందాదారు, వాస్తవానికి పదిమంది శ్రోతలు.

ఇటువంటి కాలంలో ముడుంబై వేంకటరాఘవాచార్యులవారు ఒక అభిప్రాయం ప్రకటించారు. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేనే లేరని దాని సారాంశం. ఈ మాట తెలంగాణలో ఎందరి గుండెల్లో గుచ్చుకున్నదో చెప్పనలవి కాదు. నేటికీ గుచ్చుకుంటూనే ఉంది. అయితే ఒక్క క్షణం ఆ అభిప్రాయం కలగడానికి కారణం ఏమిటో చూద్దాం. బయటినుండి చూసేవానికి కవి ఎలా కనబడాలి? మద్రాసులో అచ్చయిన పుస్తకంగా, పత్రికలో పద్యంగా, సభలో సన్మానంగా కనబడాలి. తెలంగాణ కవికి ముద్రణాలయం దగ్గర లేదు. ఆయన పద్యం ఊరి గుడిలో, గడీలో, పెండ్లిపందిరిలో, తాటాకులో ఉంది. వెదికేవాడు వెదికినచోట లేదు. వెదికినచోట లేనిది ఎక్కడా లేదని తేల్చడం పండితులు కూడా చేసే పనే. దొరకలేదు అనడానికీ లేదు అనడానికీ మధ్య ఉన్న అగడ్త ఎంత లోతైనదో ఈ ఒక్క ఉదంతం చాలు తెలియడానికి.

ప్రతాపరెడ్డిగారు ఆవేశపడ్డారు, నిజమే. కానీ సంపాదకీయంలో నాలుగు పరుషవాక్యాలు వ్రాసి ఊరుకోలేదు. ఆయన చేసిన పనిని నేను ఎంతో మెచ్చుకుంటాను. వాదించలేదు, పట్టిక వేశారు. కవులారా, మీ పద్యాలు పంపండి, మీ ఊరు పేరు పంపండి, మీకు తెలిసిన కవుల వివరాలు పంపండి అని పత్రికాముఖంగా అడిగారు. పల్లెపల్లెనుండి టపాలు వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు! కవయిత్రులూ ఉన్నారు. లేరన్న మాటకు జవాబు లెక్కపెట్టుకోమనడమే.

ఆ సంచికను కేవలం కవితాసంకలనంగా చూస్తే కొంత నిరాశ కలగవచ్చు. 354 మందీ మహాకవులు కారు. ఛందస్సు తప్పకుండా నాలుగు పాదాలు నడపడమే ప్రతిభ అయినవారు కూడా అందులో ఉన్నారు. పండితుణ్ణి గనుక ఈ మాట అనకుండా ఉండలేను. కానీ దానిని కవుల విలాసాల పట్టికగా చూడండి. కవి పేరుతోపాటు ఊరి పేరు ఉంది. ఆ ఊళ్లలో చాలావాటికి తెలుగు అచ్చులో తమ పేరు ఒక కవి పక్కన కనబడడం అదే మొదటిసారి అయి ఉంటుంది. తరువాతి పరిశోధకుడు ఏ జిల్లాలో ఎవరున్నారని వెదికితే పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. కొస దొరికితే తాడంతా లాగవచ్చు. తెలంగాణ సాహిత్యచరిత్ర వ్రాసిన ప్రతివారూ ఆ కొస పట్టుకొన్నవారే.

రెండవ చింత ఉన్నదే, చదువరిని నిలపడం, దానికి కూడా ఆ సంచికలోనే సమాధానం ఉంది. తన పేరు ఉన్న పుస్తకాన్ని ఎవరు చదవరు? తన మేనమామ పేరు, తన ఊరి పంతులుగారి పేరు ఉన్న పుస్తకాన్ని ఎవరు అటకమీద పడవేస్తారు? ప్రతాపరెడ్డిగారు పాఠకులను ఆకర్షించడానికి మిఠాయిలు పంచలేదు. వారిని సంచికలోకి పిలిచారు. పిలుపు అందుకొన్నవాడు అతిథిగా వచ్చి ఇంటివాడయ్యాడు. చదువరిని మందగా లెక్కించడానికీ పేరుపెట్టి పిలవడానికీ ఉన్న తేడా ఇదే. తరువాత ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించారు. ఆయన పోయాక 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగులో అదే మొదటిది. రాజుల పేర్లు కాక జనం తిండి, బట్ట, ఆటలు కావ్యాలలో వెదికి ఏరిన పుస్తకం అది. వెదకడం తెలిసినవాడే వెదికేవారికి దారి వేయగలడు.

ఇక మన కాలానికి వద్దాం. చరిత్ర మళ్లీ అదే వేషంతో వచ్చింది, రంగస్థలం మాత్రం మారింది.

1990ల చివరనుండి తెలుగు పత్రికలు అంతర్జాలంలోకి వచ్చాయి. కంటికి చక్కని తెలుగు కనబడేది. కానీ ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క ఖతి, ఒక్కొక్క ఖతిది ఒక్కొక్క సంకేతం. మనకు అకారంగా కనబడినది యంత్రానికి ఏదో ఇంగ్లీషు అక్షరమే. ఆ ఖతి తొలగిస్తే పుట నిండా పిచ్చిగీతలు. వెదుకుయంత్రం ఆ గీతలనే చదివేది గనుక, తెలుగులో రామాయణమని అడిగితే లక్షల పుటల తెలుగు ఎదుటే ఉండి కూడా దానికి ఒక్కటీ కనబడేది కాదు. ఉన్నది, దొరకదు. 1934లో తెలంగాణ కవి ఎలా ఉన్నాడో 2000లో అంతర్జాలపు తెలుగు అలా ఉంది.

యూనికోడు మొదటి కూర్పు 1991లోనే వచ్చింది. తెలుగుకు 128 గడులు కేటాయించారు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య అన్నది దాని మూలసూత్రం. అయినా అది మన ఇండ్లకు చేరడానికి పదేండ్లకు పైగా పట్టింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. వెన్న నాగార్జునగారి పద్మ అనే ఉపకరణం ఆయా పత్రికల ఖతులను యూనికోడులోకి మార్చి చూపింది. వీవెన్‌గారి లేఖిని ఇంగ్లీషు మీటలమీద తెలుగు పుట్టించింది. ఈ పేర్లు మీకు కొత్త కావు. మీలో ఎందరో ఆ పనివారిలో ఉన్నవారే, నేను మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చరిత్రకు ఎక్కించవలసిన మాట ఒకటి ఉంది. గోలకొండ కవుల సంచికకు సరితూగే పని ఇది. చెల్లాచెదరుగా ఉన్న తెలుగును వెదికితే దొరికే ఒక్క లిపిసంకేతంలోకి తెచ్చి పెట్టారు. దానికి ఎవరూ కిరీటాలు పెట్టలేదు.

యూనికోడుతో చిక్కులన్నీ తీరాయా అంటే, లేదు. పటాన్‌చెరు అన్న మాటనే తీసుకోండి. నకారపు పొల్లు తరువాత చకారం విడిగా నిలవాలంటే నడుమ కంటికి కనబడని ఒక సంకేతం పెట్టాలి. పెట్టకపోతే చకారం నకారానికి ఒత్తుగా దిగి పటాన్చెరు అవుతుంది. కొందరు నడుమ ఖాళీ వదిలి పటాన్ చెరు అని రెండు మాటలు చేస్తారు. మనిషి కంటికి మూడూ ఒకటే. యంత్రానికి అవి మూడు వేర్వేరు అక్షరవరుసలు. యంత్రాలు ఇప్పుడు తెలివిమీరాయి, ఒకదానినడిగితే మరొకటి కూడా తెచ్చి చూపుతున్నాయి. కానీ చిన్న ఊళ్ల పేర్ల దగ్గర వాటి తెలివి ఇంకా తడబడుతూనే ఉంది.

మా పండితులకు ఇందులో ఒక ప్రత్యేక పరీక్ష ఉంది. సంధి కలపడం మాకు ఊపిరి. ఊరి పేరును ముందుమాటతోనో వెనుకమాటతోనో కలిపి దండ గ్రుచ్చితే వాక్యానికి బిగి వస్తుంది. ఆ దండలో ఊరి పేరు మునిగిపోతుంది. బండిర, అరసున్న పాటించి వ్రాస్తే శబ్దశుద్ధి ఉంటుంది. వెదికే పిల్లవాడు మాత్రం చెరువు అనే అడుగుతాడు, చెఱువు అని అడగడు. వ్యాకరణాన్ని వదలమని నేననను. శీర్షికలో, మొదటి వాక్యంలో ఊరి పేరును, మనిషి పేరును విడిగా, జనం వ్రాసే తీరులో ఒకసారి నిలపండి. తరువాత మీ సంధులు మీరు కలుపుకోండి. పూర్వులు గద్యలో చేసిన పని ఇదే గదా. ప్రబంధం ఎంత జటిలంగా ఉన్నా గద్యలో పేరు, ఊరు తేటగా చెప్పారు.

ఎందరు చూశారన్న అంకెను గంటగంటకూ చూసుకునే అలవాటును గురించి కూడా కొందరు నన్ను అడుగుతుంటారు. ఆ అంకె చందాదారుల లెక్కవంటిది. చదివి వినిపించినవారు, విన్నవారు, ఏండ్ల తరువాత గుర్తుతెచ్చుకొన్నవారు దానిలోకి రారు. వేమన పేరు తగిలించుకొన్న పద్యాలకూ ఒకప్పుడు మంచి అంకెలే వచ్చి ఉంటాయి.

పటాన్‌చెరు అని నేడు ప్రపంచం వెదికితే ఏమి దొరుకుతుంది? మొదట 1972లో ఇక్కడ వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దొరుకుతుంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద అక్కడి శాస్త్రజ్ఞులు వ్రాసిన పత్రాల మీద మా ఊరి పేరు, 502324 అనే పిన్‌కోడు ప్రపంచమంతా తిరిగాయి. ఆ తరువాత దొరికేది మురుగు. 2007లో స్వీడను దేశపు పరిశోధకులు ఇక్కడి ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రంనుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా ఉన్నదని ప్రకటించారు. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఏ దేశంలో చర్చ జరిగినా మా ఊరి పేరు రావడం అప్పటినుండి మామూలయింది. ఇది దాచవలసిన సంగతి కాదు. నక్కవాగు ఒడ్డు రైతులు ఎన్నో ఏండ్లు మొత్తుకున్నది చివరకు ఒక శాస్త్రపత్రంగా మారితేనే లోకానికి కనబడింది. కనబడవలసినదే, ఇంకా కనబడాలి.

కానీ ఆ వరుసలో తెలగన్న ఎక్కడున్నాడు? ఎంతో కిందికి దిగితే గానీ తగలడు. చెరువు పేరుతో వెలసిన ఊరు, వేయేండ్లనాటి రాజధాని, మొదటి అచ్చతెలుగు కావ్యం పుట్టిన నేల అన్న సంగతులు, జొన్న పత్రాలకూ మురుగు పత్రాలకూ పక్కన ఒక్క వరుసలో దొరకాలి. ఇక్రిశాట్‌లో పనిచేసే విదేశీయుడు ఊరి పేరు వెదికినప్పుడు అమీనుఖాను పేరు కూడా కంటబడాలి. కారఖానాలో పని చేసే పిల్లవాడు తన బస్సు ఆగే ఊరిని వెదికితే యయాతి కథ ఎదురుపడాలి. ఆ పని యంత్రం చేయదు. ఈ ప్రాంతంలో పుట్టి తెలుగు వ్రాయగలిగినవారు ఒక్కొక్కరూ తమ ఊరి గురించి ఒక్కొక్క పుట, పేరు తేటగా పెట్టి వ్రాస్తే జరుగుతుంది. 354 మంది టపాలో పద్యాలు పంపినట్లే. రామచంద్రాపురం, కొల్లూరు, ఇస్నాపూర్, రుద్రారం, ఈదులనాగులపల్లి, ఇలా ఏ ఊరికి ఆ ఊరే. మీ ఊరి పాత పేరు, గుడి, దర్గా, చెరువు, అక్కడ పద్యమో పాటో కట్టినవారు, ఎవరికి తెలిసినది వారు వ్రాయండి. నాకు తెలియజేస్తే మా ఊరి చుట్టుపక్కలవాటికి ఒక పట్టిక కడతాను.

నా వంతు పనిగా, వెదికేవారి సౌకర్యంకోసం ఈ వ్యాసానికి సంబంధించిన పేర్ల రూపాలన్నీ ఇక్కడ విడివిడిగా వ్రాసి ఉంచుతున్నాను. పొట్టళకెఱె, పొట్టళకెరె, పొట్లచెఱువు, పొట్లచెరువు, పటంచెరువు, పటంచెరు, పటాన్‌చెరువు, పటాన్‌చెరు, పటాన్ చెరు, పటాన్చెరు, పఠాన్‌చెరు. వెలిమెల, వెలిమల. పొన్నికంటి తెలగన్న, పొన్నిగంటి తెలగనార్యుడు, అమీనుఖాను, అమీన్ ఖాన్, యయాతిచరిత్రము, యయాతి చరిత్ర.